పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్‌లో మెమరీ సెట్టింగులు ఎలా పెట్టాలి?

"32 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్, పోస్ట్‌గ్రెస్ తప్ప ఇంకేమీ నడవదు, షేర్డ్ బఫర్స్ ఎంత పెట్టమంటారు?" అంకెలు మారతాయి కానీ ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళు దాదాపు అందరూ షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటాని ఉమ్మడిగా ఉంచుకునే మెమరీ) గురించే అడుగుతారు. నిజానికి దాన్ని కాస్త అటూ ఇటూగా పెట్టినా పెద్దగా మునిగిపోయేదేమీ ఉండదు, సర్వర్‌ని పడగొట్టేది మాత్రం ఎవరూ అడగని వర్క్ మెమ్ (సార్ట్ లాంటి పనులకి క్వెరీలు తీసుకునే మెమరీ). అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ముందే ఒక మాట. సెట్టింగుల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, మీ ఫైల్‌లో అవే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అండర్‌స్కోర్ ఎక్కడ చూపిస్తే అక్కడ అలాగే పెట్టండి.

కావాల్సినవి

- సర్వర్‌లో రూట్ లేదా సూడో హక్కు, పోస్ట్‌గ్రెస్‌లో సూపర్‌యూజర్ లాగిన్.
- రెండు మూడు సార్లు డేటాబేస్ రీస్టార్ట్ చేసుకునే వీలు. కొన్ని సెట్టింగులు రీస్టార్ట్ లేకుండా అమలు కావు, కాబట్టి పని ఒత్తిడి లేని టైమ్ చూసుకోండి.
- ఇప్పుడున్న కాన్ఫిగ్ ఫైల్ కాపీ. "తర్వాత తీద్దాంలే" అనుకోకండి, మొదటి పని ఇదే.
- ఒక కాగితం. ఇదంతా తీసివేత లెక్క, నోటితో చేస్తే కాకిలెక్క అవుతుంది.

ఇది లైనక్స్ మీద మీరే నడుపుకుంటున్న సర్వర్ కోసం రాసింది. క్లౌడ్ కంపెనీ నడిపే మేనేజ్డ్ డేటాబేస్ అయితే లైనక్స్ భాగం మీ చేతిలో ఉండదు, 1 నుంచి 6 వరకు ఉన్న లెక్క మాత్రం పనికొస్తుంది. అదే మెషీన్ మీద యాప్ సర్వర్ కూడా ఉంటే దాని వాటా తీసేసి, మిగిలిందే మీ ర్యామ్ అనుకుని మొదలుపెట్టండి.

ఉదాహరణకి మొదటినుంచి చివరిదాకా ఒకే సర్వర్ పట్టుకుందాం: 32 జీబీ ర్యామ్, 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు), గరిష్ఠంగా 150 కనెక్షన్లు.

1. ఇప్పుడు ఏముందో రాసి పెట్టుకోండి

సర్వర్‌లో "ఫ్రీ -హెచ్" కొట్టండి. "ఫ్రీ" అనే కాలమ్‌లో అంకె చాలా చిన్నగా కనిపిస్తుంది, చూసి టెన్షన్ పడకండి. లైనక్స్ ఖాళీగా ఉన్న మెమరీని డిస్క్ ఫైళ్ళ క్యాష్‌కి వాడేసుకుంటుంది, అవసరమైతే తిరిగి ఇచ్చేస్తుంది. మీరు చూడాల్సింది "అవైలబుల్" కాలమ్.

తర్వాత పోస్ట్‌గ్రెస్‌లోకి వెళ్ళి "షో కాన్ఫిగ్_ఫైల్;" అడగండి. ఏ ఫైల్ చదువుతోందో అదే చెబుతుంది. దీన్ని వదిలేసి, పాత వెర్షన్ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ మార్చుకుంటూ "ఎంత మార్చినా మారట్లేదు" అని జుట్టు పీక్కునేవాళ్ళు చాలామంది.

పీజీ_స్టాట్_డేటాబేస్ వ్యూలో టెంప్_ఫైల్స్, టెంప్_బైట్స్ అని రెండు కాలమ్స్ ఉంటాయి. మెమరీ చాలక క్వెరీలు డిస్క్ మీద రాసిన తాత్కాలిక ఫైళ్ళ లెక్క అది. ఈ రోజు తేదీ వేసి ఆ రెండు అంకెలూ రాసుకోండి, చివర్లో పోల్చి చూడటానికి కావాలి.

2. షేర్డ్_బఫర్స్: ర్యామ్‌లో నాలుగో వంతు

డిఫాల్ట్ 128 ఎంబీ. అది ఏ చిన్న మెషీన్‌లోనైనా పోస్ట్‌గ్రెస్ లేచి నిలబడాలని పెట్టిన అంకె, మీ సర్వర్‌ని చూసి పెట్టింది కాదు. డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్ అయితే 25 శాతంతో మొదలుపెట్టమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెబుతుంది, 40 శాతం దాటిస్తే పెద్దగా లాభం ఉండకపోవచ్చని కూడా అంటుంది. మన 32 జీబీకి 8 జీబీ.

"ర్యామ్ అంతా డేటాబేస్‌దే కదా, 24 జీబీ ఇచ్చేస్తే పోలా?" అని అడుగుతారు. పోదు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా డిస్క్‌ని లైనక్స్ పేజ్ క్యాష్ (పైన చెప్పిన డిస్క్ ఫైళ్ళ క్యాష్) ద్వారానే చదువుతుంది. అంటే ఒకే పేజీ షేర్డ్ బఫర్స్‌లో ఒకసారి, పేజ్ క్యాష్‌లో ఇంకోసారి ఉండొచ్చు. అన్నీ బఫర్స్‌కే కట్టబెడితే పేజ్ క్యాష్‌కీ, క్వెరీలు నడవడానికీ మెమరీ మిగలదు.

24 జీబీ అంటే ర్యామ్‌లో 75 శాతం, ఆ అంకె చాలావరకు మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ నుంచి దిగుమతి అయిందే. అక్కడ ఇన్నోడీబీ (డేటా దాచే ఇంజిన్) బఫర్ పూల్‌కి అంత ఇవ్వడం మామూలే, ఆ ఇంజిన్ పనితీరు వేరు. మీది మైఎస్‌క్యూఎల్ 8.0 లేదా ఆ తర్వాతది అయితే ఇన్నోడీబీ_డెడికేటెడ్_సర్వర్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే చాలు, 4 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 75 శాతం అదే తీసుకుంటుంది, మీరు ఇక్కడితో ఆగిపోవచ్చు. పోస్ట్‌గ్రెస్ వాళ్ళు మాత్రం ఆ అంకెని ఇటు తేకండి.

వాల్_బఫర్స్ (మార్పుల లాగ్ రాయడానికి వాడే మెమరీ) జోలికి వెళ్ళక్కర్లేదు. డిఫాల్ట్‌గా -1 ఉంటుంది, అంటే షేర్డ్ బఫర్స్‌లో 32వ వంతు, మామూలుగా 16 ఎంబీ దాకా, అదే లెక్కేసుకుంటుంది.

3. మెయింటెనెన్స్ మెమరీ

మెయింటెనెన్స్_వర్క్_మెమ్ డిఫాల్ట్ 64 ఎంబీ. ఇండెక్స్ కట్టేటప్పుడు, వాక్యూమ్ (పనికిరాని పాత వరసల్ని శుభ్రం చేయడం) చేసేటప్పుడు వాడేది ఇదే. 1 జీబీ పెట్టండి. కానీ ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది: ఆటోవాక్యూమ్_వర్క్_మెమ్‌ని ముట్టుకోకపోతే ఆటోవాక్యూమ్ వర్కర్లు (వాక్యూమ్‌ని తమంతట తామే చేసే ప్రాసెస్‌లు) కూడా ఈ 1 జీబీ హద్దునే తీసుకుంటాయి, ఆ వర్కర్లు డిఫాల్ట్‌గా 3 ఉంటాయి. కాబట్టి ఆటోవాక్యూమ్_వర్క్_మెమ్‌ని విడిగా 512 ఎంబీ అని రాసేయండి. లెక్కలో 3 వర్కర్లకి 1.5 జీబీ, చేత్తో చేసే ఇండెక్స్ పనికి 1 జీబీ, మొత్తం 2.5 జీబీ పక్కన పెట్టండి.

పోస్ట్‌గ్రెస్ 16, అంతకు ముందు వెర్షన్లలో వాక్యూమ్‌కి 1 జీబీ మించి ఇచ్చినా అది వాడుకోలేదు. 17లో ఆ పరిమితి తీసేశారు, పైగా అదే పనికి మెమరీ కూడా బాగా తక్కువ సరిపోతుంది.

4. కనెక్షన్ల సంఖ్య తేల్చుకోండి

మ్యాక్స్_కనెక్షన్స్ మెమరీ సెట్టింగ్‌లా కనిపించదు, కానీ తర్వాతి స్టెప్ లెక్కంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. ఏ పనీ లేకుండా కూర్చున్నదీ కొంత మెమరీ తింటుంది, లెక్క కోసం 10 ఎంబీ అనుకోండి. మన 150కి 1.5 జీబీ.

యాప్ వాళ్ళు "టూ మెనీ కనెక్షన్స్ అంటోంది, 1000 చేసేయండి" అంటే వెంటనే ఒప్పుకోకండి. 8 కోర్ల మెషీన్ 1000 క్వెరీలని ఒకేసారి ఎలాగూ నడపలేదు. పీజీబౌన్సర్ లాంటి పూలర్ (కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రామ్) ముందు పెట్టండి, యాప్ వైపు వెయ్యి ఉన్నా డేటాబేస్ వైపు 100 లోపే ఉంటాయి. మీ దగ్గర రెప్లికా (ప్రైమరీ అనే అసలు సర్వర్‌కి నకలు) ఉంటే ఇంకో జాగ్రత్త: రెప్లికాలో మ్యాక్స్_కనెక్షన్స్ ప్రైమరీలో ఉన్నదానికంటే తక్కువ ఉండకూడదు. పెంచేటప్పుడు ముందు రెప్లికాలో, తగ్గించేటప్పుడు ముందు ప్రైమరీలో మార్చండి.

5. వర్క్_మెమ్: అసలు ప్రమాదం ఇక్కడే

దీని డిఫాల్ట్ 4 ఎంబీ. ఇది కనెక్షన్‌కి ఇచ్చే మెమరీ అని చాలామంది అనుకుంటారు. కాదు. క్వెరీలో ఉన్న ఒక్కో సార్ట్‌కీ, ఒక్కో హ్యాష్‌కీ (జాయిన్ లాంటి పనికి మెమరీలో కట్టే తాత్కాలిక పట్టిక) ఇంత చొప్పున. ఒక క్వెరీలో రెండు హ్యాష్ జాయిన్లు, ఒక ఆర్డర్ బై ఉన్నాయనుకోండి, మూడు సార్లు తీసుకోవచ్చు. అందులోనూ హ్యాష్‌లకి హ్యాష్_మెమ్_మల్టిప్లయర్ అని ఒకటుంది, వెర్షన్ 15 నుంచి దాని డిఫాల్ట్ 2, అంటే హ్యాష్‌లు వర్క్ మెమ్‌కి రెట్టింపు దాకా వెళ్ళొచ్చు. క్వెరీ ప్యారలల్‌గా నడిస్తే ఒక్కో వర్కర్‌కీ మళ్ళీ ఇదంతా విడిగా. డిఫాల్ట్‌గా ఒక గ్యాదర్ (వర్కర్ల ఫలితాలు ఒకచోట చేర్చే స్టెప్) కింద 2 వర్కర్లు, అసలు ప్రాసెస్‌తో కలిపి మూడు.

ఇప్పుడు కాగితం తీయండి.

- మొత్తం ర్యామ్: 32 జీబీ
- షేర్డ్ బఫర్స్: 8 తీసేయండి, మిగిలింది 24
- ఆపరేటింగ్ సిస్టమ్, బ్యాకప్, మానిటరింగ్ ఏజెంట్లు: 2 తీసేయండి, 22
- మెయింటెనెన్స్: 2.5 తీసేయండి, 19.5
- కనెక్షన్ల మూల ఖర్చు: 1.5 తీసేయండి, 18
- పేజ్ క్యాష్‌కి కనీసం వదలాల్సింది: 8 తీసేయండి, 10

ఈ 10 జీబీనే క్వెరీలకి మిగిలింది. 150 కనెక్షన్లలో నిజంగా ఒకేసారి పని చేసేవి ఎన్నో పీజీ_స్టాట్_యాక్టివిటీలో స్టేట్ "యాక్టివ్" ఉన్నవి లెక్కపెట్టి తెలుసుకోండి, బాగా రద్దీగా ఉన్నప్పుడు చూడాలి సుమా. 40 అనుకుందాం. ఒక్కోదానికి మూడు ఆపరేషన్లు, మొత్తం 120. 10 జీబీని 120తో భాగిస్తే 85 ఎంబీ వస్తుంది. హ్యాష్‌ల రెట్టింపు ఉంది కాబట్టి సగం చేయండి, 42. కిందికి దించి 32 ఎంబీ దగ్గర ఆగండి.

ఇక్కడితో అయిపోలేదు, చెడ్డ రోజు లెక్క కూడా వేయండి. ఏదో లాక్ పట్టుకుని క్వెరీలన్నీ పేరుకుపోయి, వదలగానే 150 కనెక్షన్లూ ఒక్కసారిగా పరుగందుకున్నాయి. 150 × 3 × 32 ఎంబీ అంటే 14 జీబీ. మన దగ్గర 10, పేజ్ క్యాష్‌కి వదిలిన 8 కలిపి 18 ఉంది, కాబట్టి నెమ్మదిస్తుంది కానీ పడిపోదు. అన్నీ హ్యాష్‌లే అయితే 28 జీబీ, అప్పుడు పడిపోతుంది, కానీ అంత దరిద్రం ఒకేసారి కలిసిరావడం అరుదు. అది కూడా భరించలేం అనుకుంటే వర్క్ మెమ్ తగ్గించకండి, పూలర్ పెట్టి కనెక్షన్లు తగ్గించండి.

ఇప్పుడు ఎక్కడో చూసి వర్క్_మెమ్ 256 ఎంబీ పెట్టినవాళ్ళ సంగతి చూడండి. 150 కనెక్షన్లకి ఒక్కో సార్ట్ చొప్పున వేసినా 37.5 జీబీ, మెషీన్‌లో ఉన్నదానికంటే ఎక్కువ. అలా పెట్టి కూడా నెలల తరబడి బాగానే నడుస్తుంది, అదే దీనితో వచ్చిన చిక్కు. నెలాఖరు రిపోర్టులన్నీ ఒకే గంటలో పడిన రోజే బయటపడుతుంది.

మరి పెద్ద రిపోర్టులకి ఎక్కువ మెమరీ కావాలంటే? అందరికీ పెంచకుండా ఆ యూజర్ ఒక్కడికే ఇవ్వండి: "ఆల్టర్ రోల్ రిపోర్ట్స్ సెట్ వర్క్_మెమ్ = '256ఎంబీ';" ఇది కొత్తగా వచ్చే కనెక్షన్లకే వర్తిస్తుంది, పూలర్ పట్టుకు కూర్చున్న పాత కనెక్షన్లు పాత అంకెతోనే నడుస్తాయి. ఒక్క క్వెరీకే కావాలంటే ట్రాన్సాక్షన్ లోపల "సెట్ లోకల్" వాడండి, కమిట్ కాగానే తనంతట తానే పాత విలువకి వెళ్ళిపోతుంది. పీజీబౌన్సర్‌ని ట్రాన్సాక్షన్ మోడ్‌లో నడిపేవాళ్ళు "లోకల్" మర్చిపోతే మీరు పెంచిన విలువ అదే కనెక్షన్ తీసుకున్న ఇంకెవరికో అంటుకుంటుంది.

6. ఎఫెక్టివ్_క్యాష్_సైజ్

ఇది ఒక్క బైట్ మెమరీ కూడా తీసుకోదు. షేర్డ్ బఫర్స్, పేజ్ క్యాష్ రెండూ కలిపి సుమారుగా ఎంత డేటా మెమరీలో దొరకొచ్చో ప్లానర్‌కి (క్వెరీ ఎలా నడపాలో తేల్చే భాగానికి) చెప్పే అంచనా, అంతే. మన లెక్కలో 20 జీబీ పెట్టండి. బాగా తక్కువ పెడితే ప్లానర్ ఇండెక్స్ వాడటానికి వెనకాడుతుంది.

7. లైనక్స్ వైపు మూడు పనులు

మొదటిది, వీఎం.స్వాపీనెస్. డిఫాల్ట్ 60, దాన్ని 1 లేదా 10 చేయండి. స్వాప్ పూర్తిగా తీసేయమని కొందరు చెబుతారు, నేనైతే చిన్న స్వాప్ ఉంచుతాను. ఒక్కసారిగా మెమరీ చాలకపోతే నెమ్మదించడం కనిపిస్తుంది, చూసుకునే వ్యవధి దొరుకుతుంది.

రెండోది, వీఎం.ఓవర్‌కమిట్_మెమరీ. లైనక్స్ మామూలుగా తన దగ్గర లేని మెమరీని కూడా ఇస్తానని మాటిస్తుంది, తీరా అందరూ అడిగేసరికి ఓఓఎం కిల్లర్ వచ్చి ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క బ్యాకెండ్ (కనెక్షన్‌కి పుట్టిన ప్రాసెస్) అలా చచ్చినా, షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చన్న అనుమానంతో మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీలోకి వెళ్తుంది. లాగ్‌లో "టెర్మినేటెడ్ బై సిగ్నల్ 9" అని కనిపిస్తే చాలావరకు ఇదే, డీమెసేజ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" కోసం వెతికి ఖాయం చేసుకోండి. దీన్ని 2 చేస్తే, చంపే బదులు అడిగిన క్వెరీకి మాత్రమే మెమరీ లేదని ఎర్రర్ వస్తుంది, మిగతావాళ్ళ పని సాగిపోతుంది.

హెచ్చరిక: 2 పెట్టి వీఎం.ఓవర్‌కమిట్_రేషియోని డిఫాల్ట్ 50 దగ్గరే వదిలేస్తే అసలుకే మోసం వస్తుంది. అప్పుడు ప్రాసెస్‌లన్నీ కలిసి తీసుకోగల మొత్తం స్వాప్ 2 జీబీ, ర్యామ్‌లో సగం 16 జీబీ, వెరసి 18 జీబీ మాత్రమే. ఎదురుగా మెమరీ కనిపిస్తూనే ఉంటుంది, క్వెరీలు మాత్రం మెమరీ లేదని ఫెయిలవుతుంటాయి. రేషియోని 80 చేయండి. /ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో "కమిట్ లిమిట్", "కమిటెడ్_ఏఎస్" అనే రెండు వరసలు చూడండి, రెండోది మొదటిదాని దగ్గరికి రాకూడదు.

మూడోది, హ్యూజ్ పేజెస్. 8 జీబీ షేర్డ్ బఫర్స్‌ని 4 కేబీ ముక్కలుగా చూసుకోవాలంటే ప్రతి ప్రాసెస్‌కీ పేజ్ టేబుల్ తడిసి మోపెడవుతుంది, కనెక్షన్లు పెరిగేకొద్దీ అది కూడా పెరుగుతుంది. 2 ఎంబీ పేజీలైతే ఆ ఖర్చు బాగా తగ్గిపోతుంది. ఎన్ని కావాలో మీరు ఊహించక్కర్లేదు, వెర్షన్ 15 నుంచి "షో షేర్డ్_మెమరీ_సైజ్_ఇన్_హ్యూజ్_పేజెస్;" అంటే అదే చెబుతుంది. అయితే షేర్డ్ బఫర్స్ 8 జీబీకి మార్చి రీస్టార్ట్ చేశాకే ఇది అడగాలి, లేకపోతే పాత 128 ఎంబీ లెక్క చెబుతుంది. ఇప్పుడు 4096 కంటే కాస్త ఎక్కువ వస్తుంది. ఆ అంకెని వీఎం.ఎన్ఆర్_హ్యూజ్‌పేజెస్‌లో పెట్టి మళ్ళీ రీస్టార్ట్ చేయండి.

ఎక్కువ పెట్టేస్తే మంచిదే కదా అనుకోకండి. హ్యూజ్ పేజెస్‌గా పక్కన పెట్టిన మెమరీని వర్క్ మెమ్ గానీ పేజ్ క్యాష్ గానీ వాడుకోలేవు, వృథాగా పడి ఉంటుంది. తక్కువ పెడితే, హ్యూజ్_పేజెస్ డిఫాల్ట్ "ట్రై" కాబట్టి, ఏమీ చెప్పకుండా మామూలు పేజీలతోనే లేస్తుంది. అప్పుడు నష్టం రెండింతలు: రిజర్వ్ చేసిన మెమరీ ఖాళీగా, షేర్డ్ బఫర్స్ వేరే చోట. అందుకే అంతా సరిపోయిందని తేలాక దాన్ని "ఆన్" చేయండి, పేజీలు చాలకపోతే సర్వర్ లేవకుండా ఎర్రర్ ఇస్తుంది, కనీసం విషయం తెలుస్తుంది.

ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ అనేది వేరే, లైనక్స్ తనంతట తానే పెద్ద పేజీలు కట్టే ఏర్పాటు. దాన్ని "నెవర్" లేదా "ఎమ్అడ్వైజ్" చేయండి.

ఈ సిస్‌సీటీఎల్ ("వీఎం."తో మొదలయ్యే లైనక్స్ సెట్టింగుల) మార్పులన్నీ /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ కింద ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి. కమాండ్‌తో మార్చి ఊరుకుంటే మెషీన్ రీబూట్ కాగానే మొదటికొస్తుంది.

8. ఫైల్‌లో రాయండి

మన సర్వర్‌కి చివరికి తేలినవి ఇవి:

షేర్డ్_బఫర్స్ = 8జీబీ
మ్యాక్స్_కనెక్షన్స్ = 150
వర్క్_మెమ్ = 32ఎంబీ
మెయింటెనెన్స్_వర్క్_మెమ్ = 1జీబీ
ఆటోవాక్యూమ్_వర్క్_మెమ్ = 512ఎంబీ
ఎఫెక్టివ్_క్యాష్_సైజ్ = 20జీబీ
హ్యూజ్_పేజెస్ = ట్రై
లాగ్_టెంప్_ఫైల్స్ = 10ఎంబీ

సేవ్ చేశాక వెంటనే రీస్టార్ట్ కొట్టకండి. ముందు పీజీ_ఫైల్_సెట్టింగ్స్ వ్యూలో "ఎర్రర్" కాలమ్ ఖాళీగా లేని వరసలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఫైల్‌లో రాసిన తప్పు సర్వర్ నడుస్తుండగానే ఇక్కడ దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, రీస్టార్ట్ కావాల్సిన సెట్టింగులు మారినా ఆ కాలమ్‌లో "సెట్టింగ్ కుడ్ నాట్ బీ అప్లైడ్" అని కనిపిస్తుంది, అది తప్పు కాదు.

షేర్డ్_బఫర్స్, మ్యాక్స్_కనెక్షన్స్, హ్యూజ్_పేజెస్ మూడింటికీ రీస్టార్ట్ తప్పదు. మిగతావి "సెలెక్ట్ పీజీ_రీలోడ్_కాన్ఫ్();" తోనే అమలవుతాయి.

9. పని చేసిందో లేదో చూడండి

రీస్టార్ట్ అయ్యాక "షో షేర్డ్_బఫర్స్;" 8జీబీ అనాలి. పీజీ_సెట్టింగ్స్ వ్యూలో పెండింగ్_రీస్టార్ట్ "ట్రూ" ఉన్నవి ఏవైనా ఉంటే అవింకా అమలు కాలేదు.

హ్యూజ్ పేజెస్ కోసం /ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో హ్యూజ్‌పేజెస్_టోటల్, ఫ్రీ, రిజర్వ్డ్ మూడూ కలిపి చూడాలి. సర్వర్ అప్పుడే లేస్తే "ఫ్రీ" చాలా ఎక్కువ కనిపిస్తుంది, రిజర్వ్డ్ కూడా దానితో పాటే ఎక్కువ ఉంటే కంగారేమీ లేదు, పేజీలు పోస్ట్‌గ్రెస్ పేరు మీదే ఉన్నాయి, ఇంకా ముట్టుకోలేదంతే. ఫ్రీ ఎక్కువ ఉండి రిజర్వ్డ్ సున్నా ఉంటేనే తేడా కొట్టినట్టు. వెర్షన్ 17లో హ్యూజ్_పేజెస్_స్టేటస్ అడిగితే నేరుగా చెప్పేస్తుంది.

వర్క్ మెమ్ చాలుతోందా అన్నది ఒక నిజమైన క్వెరీ మీద చూడండి. బాగా వాడే, నెమ్మదిగా ఉన్న ఒక క్వెరీ తీసుకుని ఎక్స్‌ప్లెయిన్ (అనలైజ్, బఫర్స్) పెట్టండి. అందులో ఇలాంటి వరస కనిపిస్తే:

సార్ట్ మెథడ్: ఎక్స్‌టర్నల్ మెర్జ్ డిస్క్: 45000కేబీ

మెమరీ చాలక 45 ఎంబీ దాకా డిస్క్ మీద రాసిందని అర్థం. "అయితే వర్క్ మెమ్ 45 ఎంబీ చేస్తే చాలు" అనుకుంటారు, చాలదు. డిస్క్ మీద డేటా కుదించినట్టుగా ఉంటుంది, అదే మెమరీలోకి వస్తే ఎక్కువ చోటు పడుతుంది, తరచూ రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ సెషన్‌లో "సెట్ వర్క్_మెమ్ = '128ఎంబీ';" చేసి మళ్ళీ నడపండి. "క్విక్‌సార్ట్ మెమరీ" అని మారితే సరిపోయినట్టే. హ్యాష్ వరసల్లో "బ్యాచెస్: 1" ఉంటే మంచిది, 8, 16 అని ఉంటే అదీ డిస్క్‌కి వెళ్తోందన్నమాట. మారాక టైమ్ ఎంత తగ్గిందో కూడా చూడండి, ఎందుకంటే కొన్నిసార్లు డిస్క్ మీద రాసినా టైమ్ పెద్దగా మారదు, అప్పుడు ఆ క్వెరీ కోసం మెమరీ పెంచడం దండగ.

సర్వర్ మొత్తం మీద అయితే ఒక వారం ఆగి, మొదటి స్టెప్‌లో రాసుకున్న టెంప్_బైట్స్ మీద ఎంత పెరిగిందో చూడండి. అది సున్నా కావాలని పట్టుబట్టకండి. ఏ క్వెరీలు రాస్తున్నాయో లాగ్_టెంప్_ఫైల్స్ వల్ల లాగ్‌లో పేర్లతో సహా కనిపిస్తుంది, రోజుకోసారి నడిచే రిపోర్ట్ రాస్తే రాయనివ్వండి, నిమిషానికి వందసార్లు వచ్చే క్వెరీ రాస్తుంటే దాని సంగతి చూడండి. చాలాసార్లు అక్కడ కావాల్సింది మెమరీ కాదు, ఒక ఇండెక్స్.

రద్దీ టైమ్‌లో "వీఎమ్‌స్టాట్ 1" నడిపి ఎస్ఐ, ఎస్ఓ అనే రెండు కాలమ్స్ చూడండి. సున్నాలు ఉండాలి. ఎప్పుడో ఒకటి పడితే ఫర్వాలేదు, వరసగా అంకెలు వస్తుంటే స్వాప్ చేస్తోంది, 5వ స్టెప్ లెక్క మళ్ళీ వేయాలి.

జనం ఎక్కువగా చేసే తప్పులు

*యూనిట్ మర్చిపోవడం.* వర్క్_మెమ్ = 64 అని రాస్తే 64 ఎంబీ కాదు, 64 కేబీ. షేర్డ్_బఫర్స్‌కి యూనిట్ రాయకపోతే 8 కేబీ బ్లాకుల్లో లెక్క, 16000 అంటే 125 ఎంబీ మాత్రమే. యూనిట్ అక్షరాల్లో పెద్దా చిన్నా తేడా కూడా ఉంది: ఎంబీ, జీబీ రెండక్షరాలూ పెద్దవి, కేబీలో మాత్రం కే చిన్నది.

*వరస ముందున్న హ్యాష్ గుర్తు తీయకపోవడం.* అంకె మార్చారు, కానీ వరస ఇంకా కామెంట్‌లోనే ఉంది. ఇంకోటి, అదే సెట్టింగ్ ఫైల్‌లో కింద ఎక్కడో మళ్ళీ ఉంటే చివరిదే చెల్లుతుంది.

*ఆల్టర్ సిస్టమ్ సంగతి మర్చిపోవడం.* ఎప్పుడో ఎవరో "ఆల్టర్ సిస్టమ్ సెట్" చేసి ఉంటే అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అనే వేరే ఫైల్‌లో కూర్చుంటుంది, మీరు మెయిన్ ఫైల్‌లో ఏం రాసినా దాని మాటే నెగ్గుతుంది. పీజీ_సెట్టింగ్స్‌లో సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్ కాలమ్స్ చూస్తే విలువ ఏ ఫైల్‌లో ఏ వరస నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

*టాప్ చూసి భయపడటం.* టాప్‌లో ఒక్కో పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ పక్కన ఆర్ఈఎస్ 5 జీబీ, 6 జీబీ అని కనిపిస్తుంది. అందులో అది ముట్టుకున్న షేర్డ్ బఫర్స్ కూడా కలిసి ఉంటాయి, అందరికీ ఉమ్మడిదాన్ని ప్రతి ఒక్కరి ఖాతాలో వేసి కూడితే 32 జీబీ మెషీన్‌లో 200 జీబీ వాడుతున్నట్టు తేలుతుంది. హ్యూజ్ పేజెస్ ఆన్ అయ్యాక ఈ అంకె ఒక్కసారిగా పడిపోతుంది, అది కూడా చూసి కంగారు పడకండి. నిజమైన లెక్క కావాలంటే /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో స్మాప్స్_రోలప్ ఫైల్ తెరిచి పీఎస్ఎస్ (ఉమ్మడి మెమరీని పంచి వేసిన లెక్క) వరస చూడండి.

*రీస్టార్ట్ కాగానే స్పీడ్ కొలవడం.* బఫర్స్ అప్పుడు ఖాళీగా ఉంటాయి, మొదటి అరగంట పాతదానికంటే నెమ్మదిగా అనిపించడం మామూలే. ఆ టైమ్‌లో "మార్చాక ఇంకా చెడింది" అని తేల్చేసి వెనక్కి తిప్పేవాళ్ళున్నారు. రోజువారీ లోడ్ ఒక పూట గడిచాక కొలవండి, లేదా పీజీ_ప్రీవార్మ్ ఎక్స్‌టెన్షన్‌తో ముఖ్యమైన టేబుళ్ళని ముందే మెమరీలోకి ఎక్కించండి.

*అన్నీ ఒకేసారి మార్చడం.* షేర్డ్ బఫర్స్ ఒక రోజు, వర్క్ మెమ్ ఇంకో రోజు, లైనక్స్ సెట్టింగులు తర్వాత. లేకపోతే ఏది పని చేసిందో, ఏది కొంప ముంచిందో తెలియదు.

కంటెయినర్‌లో నడుపుతుంటే

కంటెయినర్ లోపల "ఫ్రీ -హెచ్" కొడితే బయటి మెషీన్ మొత్తం ర్యామ్ చూపిస్తుంది, మీకిచ్చింది కాదు. అసలు పరిమితి /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్/మెమరీ.మ్యాక్స్‌లో ఉంటుంది, లెక్క దాని మీద వేయండి. డాకర్‌లో ఇంకో తలనొప్పి ఉంది: /డెవ్/ఎస్‌హెచ్ఎమ్ డిఫాల్ట్ 64 ఎంబీ మాత్రమే. ప్యారలల్ క్వెరీలు అందులో చోటు అడుగుతాయి, చాలకపోతే డిస్క్ నిండా ఖాళీ ఉన్నా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఎర్రర్ వస్తుంది. కంటెయినర్ మొదలుపెట్టేటప్పుడే --ఎస్‌హెచ్ఎమ్-సైజ్ పెంచి ఇవ్వండి.

సర్వర్ లేవకపోతే

"కుడ్ నాట్ మ్యాప్ అనానిమస్ షేర్డ్ మెమరీ" అని లాగ్‌లో కనిపిస్తే షేర్డ్ బఫర్స్‌కి చోటు దొరకలేదు. హ్యూజ్_పేజెస్ "ఆన్" ఉంటే తిరిగి "ట్రై" చేసి లేపండి, అప్పటికీ లేవకపోతే ఓవర్‌కమిట్ రేషియో చూడండి, ఆ తర్వాతే షేర్డ్ బఫర్స్ తగ్గించండి. తప్పు విలువ ఆల్టర్ సిస్టమ్‌తో వచ్చిందైతే, సర్వర్ ఆగి ఉన్నప్పుడు ఆటో.కాన్ఫ్ ఫైల్ తెరిచి ఆ ఒక్క వరస తీసేయండి. చేత్తో మార్చొద్దని దాని నెత్తిన రాసి ఉంటుంది, నిజమే, కానీ సర్వర్ లేవనప్పుడు ఆల్టర్ సిస్టమ్ కొట్టడానికి లాగిన్ కూడా కాలేరు. ఇవేవీ కుదరకపోతే మొదట్లో తీసిన కాపీ ఉంది కదా, దాన్ని పెట్టి లేపేసి, లాగ్ తీరిగ్గా చదువుకోండి.